యంత్రానికి నల్లబెల్లం

రాజకుమారి సంచిని గేటు దగ్గర విప్పిన రోజు ఆమె లోపలికి వస్తోంది, బయటికి పోవడం లేదు. ఈ ఒక్క సంగతి ఎవరైనా ఆలోచించి ఉంటే ఇదంతా నేను రాయాల్సిన పని లేదు. ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. అందుకే నా కోపం మొదట నా మీద, తరవాతే మిగతావాళ్ల మీద.

మా రిసార్టు టైడా స్టేషనుకి దగ్గర్లో, అరకు వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన ఉంటుంది. నేను అక్కడ రిసెప్షన్‌లో కూర్చుంటాను. పేరు సుజానా, సొంతూరు సాలూరు. పాంగి రాజకుమారి ఆరేళ్లుగా మా వంటగదిలో గిన్నెలు, ప్లేట్లు కడుగుతోంది. నలభై అయిదేళ్లు ఉంటాయి. నాలుగో తరగతితో బడి మానేసింది. ఊరు మా రిసార్టుకి పైన, అరగంట కొండెక్కితే వస్తుంది. పొద్దున్నే కాఫీ తోటలో కలుపు తీసి, వంట చేసి, దిగి వస్తుంది.

ఆమె గురించి ముందే తెలియాల్సింది ఒకటుంది. ఆమె భర్త సోంబరు సారా తాగి తాగి పోయాడు. దినాలు అయిన మర్నాడే రాజకుమారి నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని ఊళ్లో సారా కాసే కుండలన్నీ పగలగొట్టింది. అందులో ఒక కుండ సొంత బావగారిది. సారా కాసేది బెల్లంతోనే కాబట్టి ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో బెల్లం ఉండదు. రాగులతో కాచిన చోడి అంబలి కూడా ఉప్పేసుకునే తాగుతుంది. ఊరి మహిళా సంఘంలో ఆడవాళ్లు ఆమెను పెద్దగా పెట్టుకున్నారు. ఆమెకు పొలం అరెకరం, ఇల్లు రెండు గదులు. ఊళ్లో ఆమెకున్న అసలు ఆస్తి ఆ పేరు.

ఇక యంత్రం సంగతి. విశాఖలో ఏదో షిప్పింగు కంపెనీ గెస్టుహౌసు మూసేస్తుంటే, అక్కడి సామాను వేలంలో మా ఓనరు ఒక పాత డిష్‌వాషర్ కొన్నాడు. బీరువా అంత ఉంటుంది. నా కన్నా వయసులో పెద్దది. మా మేనేజరు ప్రసాద్ దాన్ని గెస్టులకు చూపించి "ఫారిన్ మాల్ అండీ, ఇప్పుడిలాంటివి తయారు చెయ్యడం లేదు" అనేవాడు. తయారు చెయ్యడం మానేసిన వస్తువు పాడైతే సామాను ఎక్కడ దొరుకుతుందని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

దాని తలుపు లోపలి వైపు రెండు చిన్న తొట్లు ఉంటాయి, సబ్బుపొడికి. ఒకదానికి మూత లేదు. తలుపు మూయగానే ఆ పొడి కింద పడి మొదటి నీళ్లలో కలుస్తుంది. మొదటి నీళ్లు చన్నీళ్లు. ఎంగిలీ జిడ్డూ వదిలించి బయటికి పోతాయి. రెండో తొట్టికి స్ప్రింగు మూత. రెండోసారి నీళ్లు పట్టి లోపలే కాగుతున్నప్పుడు ఆ మూత టక్కున తెరుచుకోవాలి. అసలు పొడి అప్పుడే పడాలి. మూత ముందే తెరుచుకుంటే పొడంతా ఎంగిలి నీళ్లతో కాలవలోకి పోతుంది. ఆలస్యంగా తెరుచుకుంటే కడగడానికి వేళ ఉండదు, ప్లేట్ల మీద తెల్లగా పేరుకుంటుంది. లోపలి గడియారం తిరిగి తిరిగి ఒక చోటికి రాగానే ఒక సన్నటి ఇనపతీగ గొళ్లాన్ని లాగుతుంది. అంత పెద్ద యంత్రం పనితనమంతా ఆ తీగ మీద ఆధారపడి ఉంది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆ తీగ తుప్పుపట్టి తెగింది. విశాఖ నుంచి మెకానిక్ ఐజాక్ వచ్చాడు. వేరే తీగ కట్టి చూశాడు, రెండు రోజులకి అదీ తెగింది. "లోపల చక్రమే అరిగిపోయింది సార్. ఆ సబ్బుతొట్టి సెట్టు మొత్తం మార్చాలి. ఈ కంపెనీ మూసేసి ముప్పై ఏళ్లయింది. ఎక్కడ తేను?" అని చెప్పి వెళ్లిపోయాడు.

మేనేజరు దగ్గర పరిష్కారం సిద్ధంగా ఉంది. "ఏముంది? నీళ్లు కాగేటప్పుడు తలుపు కొంచెం తీసి, పొడి చేత్తో వేసి మూసెయ్యి" అన్నాడు రాజకుమారితో. చెప్పేవాడికి చెయ్యి కాలదు కదా! పొగలు కక్కే నీళ్లు లోపల గిరగిరా తిరుగుతుంటే ఆమె రోజుకి మూడుసార్లు తలుపు తీసింది. వారం తిరక్కుండానే కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా బొబ్బలెక్కింది. మేనేజరు ఆయింట్‌మెంటు తెప్పించి ఇచ్చాడు, పెద్ద ఉపకారం చేసినట్టు. తలుపు తియ్యడం మాత్రం మానమనలేదు.

కాలిన చెయ్యి ఆమెకు ఆలోచన నేర్పిందో, చిన్నప్పుడు తండ్రి వెంట అడవిలో ఉచ్చులు పన్నిన అనుభవం నేర్పిందో, తలుపు తియ్యకుండా మూత తెరిచే దారి తనే వెతుక్కుంది. ఉచ్చు అంటే అంతే కదా, దేన్నో బిగపట్టి ఉంచి, సమయానికి వదిలేలా చెయ్యడం. మూతకీ తొట్టి అంచుకీ మధ్య వెదురుచీలిక ఒకటి దోపి, దాని కింద ఏదో ఒక ముక్క ఆనించింది. ఆ ముక్క మొదటి నీళ్లన్నీ అయ్యేదాకా నిలబడాలి, ఆ తరవాత కరిగిపోవాలి. కరిగితే చీలిక జారుతుంది, స్ప్రింగు మూతను తెరుస్తుంది. ముందు ఉప్పుగల్లు పెట్టింది, అది నిమిషంలో కరిగింది. చింతపండు ఉండ పెట్టింది, అది కరగనే లేదు. తెల్లబెల్లం తొందరపడింది. చివరికి సంతలో దొరికే రాయిలాంటి నల్లబెల్లం సరిగ్గా కుదిరింది. ఇదంతా నాకు చాలా తరవాత తెలిసింది.

అప్పుడు నాకు కనిపించింది వేరు. ఒక మధ్యాహ్నం కాఫీకి వంటగదిలోకి వెళితే, రాజకుమారి ఆ యంత్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, గాజుసీసాలోంచి బెల్లం ముక్క తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, లోపల ఎక్కడో ఉంచి, నెమ్మదిగా తలుపు వేసింది. నేను చర్చికి వెళ్లేదాన్ని. ఈ కొండల్లో కొత్తపంట వస్తే పండగ, విత్తనం చల్లితే పండగ, కొడవలికి కూడా బొట్టు పెడతారని విని ఉన్నాను. యంత్రానికి నైవేద్యం పెడుతోందనుకున్నాను. వంటవాళ్లూ అదే అనుకున్నారు. "ఏటి రాజకుమారీ, మీ అమ్మోరు ఇయేల బెల్లం తిన్నాదా?" అని ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. మేనేజరుకి మాత్రం ఒకసారి చెప్పబోయింది. "మూతకి ఉపాయం సేసేనండి, ఓపాలి సూడండి" అంది. ఆయన ఫోను చూసుకుంటూ "ప్లేట్లు శుభ్రంగా వస్తున్నాయా లేదా? చాలు" అన్నాడు.

ఏడాది పైన ప్లేట్లు అద్దాల్లా వచ్చాయి. ఎందుకొస్తున్నాయో ఒక్కడూ అడగలేదు. బాగున్నదాని సంగతి ఎవరికి కావాలి!

కార్తీకంలో పిక్నిక్ జనం మొదలయ్యారు. ఒక కుర్రాళ్ల గుంపు ఎక్కడో సారా తాగి వచ్చి, మా కాటేజీ అద్దాలు పగలగొట్టి, పక్క కాటేజీ ఆడవాళ్లతో గొడవ పెట్టుకుంది. సారా ఎక్కడిదంటే "ఇక్కడే, పనివాళ్లే ఇచ్చారు" అన్నారు. తాగినవాళ్ల మాట! ఓనరు ఫోనులో మేనేజరుని దులిపేశాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపాలి కదా, దుత్త కోసం ఆయన వెతుకుతున్నాడు.

రాజకుమారికి శుక్రవారం పొద్దుట సెలవు. అరకు సంతకి వెళ్లి, ఊరి ఆడవాళ్లతో కలిసి జీపులో తిరిగొచ్చి, మా గేటు దగ్గర దిగి, మూడు గంటలకి డ్యూటీ ఎక్కుతుంది. కొండమీదికి వెళ్లే కాలిదారి మా గేటు పక్క నుంచే. ఆ శుక్రవారం జీపు ఆగింది. ఆడవాళ్లు బుట్టలు దించుకుంటున్నారు. మేనేజరు గేటు దగ్గరే ఉన్నాడు. "వచ్చినవాళ్ల సంచులన్నీ చూడు" అని వాచ్‌మన్‌కి చెప్పాడు. ఆ వాచ్‌మన్ ఫల్గుణది కూడా రాజకుమారి ఊరే, వరసకి తమ్ముడు. తల దించుకుని అక్క సంచి విప్పాడు. అడ్డాకులో చుట్టిన నల్లబెల్లం ముద్ద బయటపడింది. ఈ కొండల్లో నల్లబెల్లం అంటే మొదట గుర్తొచ్చేది సారాయే.

"ఎందుకిది?" అన్నాడు మేనేజరు.

"మిషినుకండి."

గేటు దగ్గరున్న మావాళ్లంతా పకపకా నవ్వారు.

"మిషను బెల్లం తింటుందా? టీ కూడా పెట్టమంటావా దానికి?"

"తినదు బాబూ. మూత కాడ పెడతాను. సుజానమ్మ సూసింది, అడగండి."

ఆయన నా వైపు తిరిగాడు. అంతమంది చూస్తున్నారు. నేను చూసింది చూసినట్టు చెబితే చాలు. లేదా నాకు తెలియదు, లోపలికి వెళ్లి చూద్దాం రండి అన్నా చాలు. నేనేమన్నానో తెలుసా? "ఏదో మొక్కు సార్, యంత్రానికి నైవేద్యం పెడుతుంది" అన్నాను.

"ఇంత ముద్ద నైవేద్యమా? మొక్కు పేరు చెప్పి సారా కాస్తున్నావన్నమాట! ఆ కుర్రాళ్లకి పోసింది నువ్వే. ఇంకోసారి ఈ గేటు తొక్కితే పోలీసులకి చెబుతా, పో!" అని రోడ్డంతా వినపడేలా అరిచాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక్కడ చెట్టూ లేదు, తాగిందీ లేదు. సారా కాసేదే అయితే బెల్లాన్ని ఆ ఆడవాళ్లతో ఊళ్లోకి పంపేసేది, డ్యూటీకి లోపలికి తెచ్చేది కాదు. కాలిన చేతిని ఇంకోసారి కాల్చుకోకుండా ఆమె చేసుకున్న ఏర్పాటు అది. ఊరి ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని, ఆమె కోసం ఆగకుండా కొండెక్కిపోయారు.

ఊళ్లో ఏం జరిగిందో ఫల్గుణ ఒకసారి చెప్పాడు. సంఘం మీటింగుకి ఆమెను పిలవడం మానేశారట. కుండలు పగలగొట్టినప్పుడు ఆమె పక్కనున్న నలుగురూ మొహం తిప్పుకుంటున్నారట. పట్టపగలు ఇద్దరు తాగుబోతులు ఆమె గుమ్మంలోకి వచ్చి "ఉన్నాదేటి, పోస్తావా?" అని అడిగారట. సోంబరు చచ్చిపోయిన గుమ్మం అది! ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. సయించక ఏం లాభం? మర్నాడు మామూలుగానే వెళ్లి రిసెప్షన్‌లో కూర్చున్నాను.

ఇక్కడ యంత్రం మొరాయించింది. పొడి డబ్బాలు డబ్బాలు పోసినా ప్లేట్ల జిడ్డు వదలదు. మేనేజరు మళ్లీ ఐజాక్‌ని పిలిపించాడు. ఐజాక్ తలుపు తీసి, తొట్టి దగ్గర టార్చి వేసి, వెదురుచీలికను పట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కనున్న సీసాలోంచి ఒక బెల్లం ముక్క తీసి దాని కింద ఆనించి చూశాడు.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు.

"ఓ కొండమనిషి మూఢనమ్మకం లెండి" అన్నాడు మేనేజరు.

"మూఢనమ్మకమా? సార్, నేను ముప్పై ఏళ్లుగా ఇలాంటివి బాగుచేస్తున్నాను. ఒకదాంట్లో తీగ లాగుతుంది, ఒకదాంట్లో వేడికి వంగే రేకు ఉంటుంది, ఒకదాంట్లో తొట్టే తిరగబడి పొడి గుమ్మరిస్తుంది. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు పట్టేస్తాయి. ఇది చూడండి, అరగడానికి ఏమీ లేదు. బెల్లం కరుగుతుంది, మూత తెరుచుకుంటుంది. నేను చేతులెత్తేసిన పని ఆవిడ చేసింది. ఎక్కడుందావిడ? నేనొకసారి చూడాలి."

సీసా యంత్రం పక్క అలమరలో అలాగే ఉంది. నిండా ఉసిరికాయంత బెల్లం ముక్కలు, అన్నీ ఒకే కొలతకి కోసినవి. నాకు అక్కడే నేలలోకి దిగిపోవాలనిపించింది.

మేనేజరుకి అలాంటిదేమీ అనిపించలేదు. ఆ సాయంత్రమే "రెండో తొట్టికి బెల్లం ముక్క ఒకటి" అని కాగితం అచ్చు వేయించి, ప్లాస్టిక్కు తొడిగించి, గోడకి అంటించాడు. ఓనరుకి ఫోను చేసి, ఖర్చు లేకుండా రిపేరు చేయించానని చెప్పుకున్నాడు. రాజకుమారి పేరు ఎత్తలేదు. ఎత్తితే ఆ రోజు గేటు దగ్గర అన్నమాట అబద్ధమని తేలిపోతుంది కదా. యంత్రానికి ఆమె ఉపాయం కావాలి, ఊళ్లో ఆమె మీద మచ్చ అలాగే ఉండాలి. ఇదెక్కడి న్యాయం?

సీసాలో ముక్కలు అయిపోయాయి. డిసెంబరు చలి దిగింది. మాకు పైపుల్లో వచ్చేది కొండమీద పారే గెడ్డ, అంటే వాగు నీళ్లే. ఆ రోజుల్లో చెయ్యి పెడితే కొయ్యబారిపోతుంది. వంటవాళ్లు అదే కొలతకి ముక్కలు కోసి పెట్టినా మూత ఆలస్యంగా తెరుచుకుంటోంది, ప్లేట్లు తెల్లగా వస్తున్నాయి. చిన్నవి కోస్తే ముందే తెరుచుకుంటోంది. ఎంత చిన్నది కొయ్యాలో ఎవరికీ తెలియదు. పై శుక్రవారానికి రెండు బస్సుల జనం రావాలి, ఓనరు కూడా వస్తున్నాడు. మేనేజరు నన్ను పిలిచి "నువ్వు వెళ్లి ఆ కొలతేదో కనుక్కురా. కావాలంటే పనిలోకి రమ్మను" అన్నాడు. కావాలంటేనట!

కొండెక్కి వెళ్లాను. రాజకుమారి అరుగు మీద కూర్చుని రాజ్‌మా గింజలు ఏరుతోంది. నన్ను చూసి లేచి, చాప వేసి, అంబలి ఇచ్చింది. ఉప్పేసిన అంబలే. ఆ రోజు నేనన్న మాట గురించి ఒక్క ముక్క అనలేదు. అని ఉంటే నాకు నయంగా ఉండేది.

విషయం చెప్పగానే నవ్వింది. "సలికాలం ఉసిరికాయంత పెడితే ఎప్పటికి కరుగుతాదమ్మా? కుంకుడు గింజంత పెట్టాల. మాఘం ఎల్లేదాకా అంతే. ఎండలొచ్చినాక మళ్లీ పెంచాల."

"అంత తొందరగా చెప్పేశావేమిటి?" అన్నాను.

"మిషినేటి సేసింది, దాని మీద కోపమేటి?"

"మరి నీకేం కావాలి?"

ఆమె గింజలు ఏరడం ఆపింది. "ఆ బాబు ఏ మాట ఎక్కడన్నాడో అక్కడే ఎనక్కి తీసుకోవాల. మా ఊరోళ్లు ఇనేలాగ. నాను సారా కాస్తే, సోంబరు సచ్చిపోయినాక పగలగొట్టిన కుండలకి అర్థమేటి? అంతే. నాకింకేటొద్దు." కళ్లు తుడుచుకుని మళ్లీ గింజల మీదికి వంగింది.

దిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆలోచించాను. కొలత నా దగ్గరుంది. మేనేజరుకి చెబితే రాజకుమారి ఇక ఎవరికీ అక్కర్లేదు. జీవితంలో మొదటిసారి బుద్ధిపూర్వకంగా అబద్ధమాడాను. "శుక్రవారం మూడు గంటలకి గేటు దగ్గరికి వస్తుంది సార్. ఆ రోజన్న మాట తప్పని ఊరివాళ్ల ముందు మీరంటేనే కొలత చెబుతుందట" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. పొగరన్నాడు, ఇంకా ఏమేమో అన్నాడు. నేను కదల్లేదు.

ఈ మాట ఫల్గుణ చేత రాజకుమారికి కబురు పెట్టాను. శుక్రవారం జీపు ఆగింది. ఆడవాళ్లు దిగారు. కాస్త ఎడంగా రాజకుమారి దిగింది. లోపల మొదటి బస్సు జనం భోంచేసిన ప్లేట్లు గుట్టగా ఉన్నాయి. మేనేజరు గేటు లోపల నుంచుని "రా రాజకుమారీ, ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు, తేనె పూసిన గొంతుతో.

ఆమె గేటు బయటే ఆగింది. "సంచి గేటు కాడ ఇప్పేరు బాబూ. ఆపీసులో కాదు."

బుట్టలెత్తుకోబోయిన ఆడవాళ్లు ఆగారు. మేనేజరు అటూ ఇటూ చూసి, ఏదో నోట్లోనే గొణిగాడు.

"గట్టిగా సెప్పండి. ఆ రోజు గట్టిగానే అన్నారు."

లోపల నుంచి ఓనరు గొంతు వినిపించింది, ప్లేట్లేవని. మేనేజరు మెడ మీద చెమట పట్టింది, అంత చలిలోనూ. "రాజకుమారి సారా కాయలేదు. ఆ బెల్లం యంత్రం కోసమే తెచ్చింది. నేను తప్పుగా అన్నాను" అన్నాడు. ఈసారి రోడ్డంతా వినపడింది.

అయినా ఆమె కదల్లేదు. నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. మెట్లు దిగి గేటు దాకా వెళ్లాను. "నేను కళ్లారా చూశాను, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడక్కుండానే మొక్కని చెప్పేశాను. ఆమె చెప్పిందే నిజం" అన్నాను. ఆడవాళ్లలో ఒకామె, కుండలు పగలగొట్టినవాళ్లలో ఒకతె, నెత్తి మీది బుట్ట దించి రాజకుమారి పక్కకి వచ్చి నిలబడింది.

అప్పుడు రాజకుమారి గేటు దాటింది. నేరుగా ఫల్గుణ దగ్గరికి వెళ్లి, సంచి తీసి, మూతి పెద్దగా విప్పి అతని ముందు పెట్టింది. లోపల అడ్డాకులో చుట్టిన నల్లబెల్లం ముద్ద.

"నువ్వెళ్లక్కా" అన్నాడు ఫల్గుణ, మొహం పక్కకి తిప్పుకుని.

"సూడు" అంది ఆమె. "ఏటున్నాదో సూసి పంపు."

అతను చూసేదాకా ఆమె సంచి మూయలేదు.